అంతఃపురంలో ఆయుధాగారం

తుపాకి అన్న మాట మనది కాదు. తురుష్కుల ‘తుఫెక్’ పారసీకం మీదుగా దక్కను చేరి, మన నాలుకపై అజంతమై తుపాకి అయింది. ఫిరంగి కథ మరీ విచిత్రం. ఐరోపా వారిని అరబ్బులు, పారసీకులు ‘ఫరంగీ’లని పిలిచేవారు. వారు తెచ్చిన మారణయంత్రానికి చివరకు వారి పేరే స్థిరపడిపోయింది. మాటలు పరాయివే అయినా వాటి వెనుక ఉన్న మోజు మాత్రం మనవారికి ఆలస్యం లేకుండా అబ్బింది. దొరలు, నవాబులు, జమీందారులు తుపాకిని యుద్ధం కోసమే కొనలేదు. నగ కొన్నట్టు, గుర్రం కొన్నట్టు, ముచ్చటపడి కొన్నారు.

తపాలా బిళ్ళలు, పాత నాణేలు సేకరించినట్టు తుపాకులు సేకరించే వారు లోకంలో నేటికీ ఉన్నారు. వారి ముందున్న పెద్ద చిక్కు చట్టం కాదట, ఇల్లాలట! కొత్త తుపాకి ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఏమని చెప్పాలి, ధర ఎంత తగ్గించి చెప్పాలి, ఆమెకు బదులుగా ఏం కొనిపెట్టాలి అని పాశ్చాత్య దేశాలలో వేళాకోళంగా చెప్పుకుంటారు. మన ఊళ్ళలో పట్టుచీరతో సర్దిచెప్పే భర్తలు లేరా? అటువంటిదే ఇదీ.

అయితే చదువరులారా, ఈ వేళాకోళం అడుగున ఒక గట్టి ప్రశ్న ఉన్నది. ఇంటివారి మాట అడగకుండా ఆయుధం ఇంట్లోకి రావచ్చునా? ఈ ప్రశ్నకు మా కర్నూలు సీమ చరిత్ర రెండు మార్లు జవాబు చెప్పింది. ఒకటి ఆదవానిలో, ఒకటి కర్నూలులో. ఆ రెండు కథలూ చెప్పి, తర్వాత నేటి సంగతికి వస్తాను.

ఆదవాని అంటే నేటి ఆదోని. మంత్రాలయానికి వచ్చే యాత్రికులు రైలు మార్గంలో దాటిపోయే ఊరు. దూది వ్యాపారానికి పేరు మోసింది. ఊరి మీద కొండలు, కొండల మీద కోట. 17వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆ కోట బిజాపూరు సర్దారు సిద్ది మసూద్ ఖాన్ చేతిలో ఉండేది. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చినవాడు ఆయనే అని సంప్రదాయం చెబుతుంది. ఆ మంచాలే నేటి మంత్రాలయం. ఆదోనిలోని జామియా మసీదు కూడా ఆయన కట్టించినదే. 1688లో ఔరంగజేబు సేనలు కోటను ముట్టడించినప్పుడు గోడలను పగలగొట్టలేక, ఫిరంగులను ఆ మసీదు వైపు తిప్పాయనీ, ప్రాణప్రదమైన కట్టడం కూలిపోతుందన్న భయంతో ఆయన కోటను అప్పగించాడనీ చెప్పుకుంటారు. ఫిరంగులు ఆయనకూ ఉన్నాయి. కానీ తాను ప్రేమించినదానిని అవి కాపాడలేకపోయాయి. ఈ మాటను కొంచెం గుర్తుంచుకోండి.

తర్వాతి శతాబ్దంలో ఆదోని నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగుకు జాగీరుగా దక్కింది. గుంటూరు సర్కారు కూడా ఆయనదే. ఆయనకు ఫ్రెంచి సైనికులన్నా, ఫ్రెంచి ఆయుధాలన్నా వ్యామోహం మెండు. లాలీ అనే ఫ్రెంచి సేనాని ఆయన కొలువులో దళాన్ని నడిపేవాడు. (వందవాసి యుద్ధంలో ఓడిన కౌంట్ లాలీ వేరు, ఈయన వేరు.) గుంటూరు తీరాన ఉన్న మోటుపల్లి రేవులో మనుషులూ, మందుగుండూ దిగి, అక్కడినుండి తూర్పు కనుమలు దాటి ఆదోనికి చేరేవి. కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి అదే! ఒకనాడు కర్పూరం, చందనం దిగిన రేవులో తుపాకులు దిగాయి. ఈ దిగుమతిని ఇంగ్లీషు కుంఫిణీ సహించలేదు. 1779లో బసాలత్ జంగుతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచివారిని పంపివేయించింది, గుంటూరును కౌలుకు తీసుకున్నది. ఈ ఒప్పందంతో అన్న నిజాం అలీకి కోపం, పొరుగున హైదర్ అలీకి కోపం. లాలీ చివరకు హైదర్ పంచన చేరాడు. మోజుపడి పోగుచేసిన బలం పగవాడి బలమయింది. 1782లో బసాలత్ జంగు కన్నుమూశాడు.

ఇక 1786. టిప్పు సుల్తాను ఆదోని మీదికి వచ్చాడు. కోటలో బసాలత్ జంగు కొడుకు మహబత్ జంగు, అతని కుటుంబం, అంతఃపుర స్త్రీలు ఉన్నారు. టిప్పు పలుమార్లు దాడి చేసినా కోట లొంగలేదు. ఈలోగా నిజాం తన తమ్ముడు మొగల్ అలీ ఖానును సైన్యంతో పంపాడు, మరాఠాలు తోడు వచ్చారు. సాయం అందింది కనుక కోటను నిలబెట్టుకోవలసింది కదా? అట్లా జరగలేదు. ముంగారు వానలు మొదలయ్యాయి. తుంగభద్ర పొంగితే వచ్చిన సైన్యానికి తిరుగుదారి మూసుకుపోతుంది. అందుచేత స్త్రీలను, పిల్లలను వెంటబెట్టుకుని నది దాటి వెళ్ళిపోయారు. కోట, కోటలోని ఫిరంగులు, సామగ్రి టిప్పు పరమయ్యాయి. ఆయన ప్రాకారాలను పడగొట్టించాడు.

ఇక్కడ చరిత్రకారులు యుద్ధతంత్రాన్ని చూస్తారు. నాకు మాత్రం మరొకటి కనిపిస్తుంది. ఆ వానాకాలంలో ఆదోని ముందు రెండే దారులు: ఫిరంగులా, ఇంటివారా? ఇంటివారినే ఎంచుకున్నారు. సరైన ఎంపికే. కానీ ఆ ప్రశ్న ఏరు పొంగే వేళ అడుగుకోవలసింది కాదు. మోటుపల్లిలో మొదటి పెట్టె దిగిన నాడే అడుగుకోవలసింది.

రెండో కథ కర్నూలుది. ఇది మరింత సూటిగా మన విషయానికి సంబంధించినది.

1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించినప్పుడు ఆదోని బ్రిటిషు పాలనలోకి వెళ్ళింది. 1808 నుండి బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలోకి వచ్చింది. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా పఠాను నవాబుల చేతిలోనే ఉన్నది. వారిలో చివరివాడు గులాం రసూల్ ఖాన్. చిన్న సంస్థానం. చుట్టూ కుంఫిణీ రాజ్యం, ఉత్తరాన నిజాం రాజ్యం. యుద్ధం చేయడానికి పొరుగున స్వతంత్రుడైన శత్రువన్నవాడే లేడు. అయినా ఆయన ఏళ్ళ తరబడి ఆయుధాలు పోగుచేశాడు. కొన్నాడు, పోతపోయించాడు, దాచాడు.

1839లో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా కుట్ర చేస్తున్నాడన్న అభియోగంపై నిర్బంధానికి గురయ్యాడు. ఆ విచారణలోనే అనుమానం కర్నూలు మీదికి మళ్ళింది. కుంఫిణీ సైన్యం వచ్చింది. నవాబు తన అరబ్బు, రోహిలా సైనికులతో కోట విడిచి దగ్గరలోని జోహరాపురం చేరాడు. కోట ప్రతిఘటన లేకుండానే స్వాధీనమయింది. లోపల వెదికిన అధికారులు నిర్ఘాంతపోయారు. రాజభవనంలో, జెనానాలో, స్త్రీలు విహరించే తోటలలో వందలకొద్దీ ఫిరంగులు, గుండ్లు, మందు! ఫిరంగులు పోతపోసే కొలిమి సైతం అక్కడే. పరపురుషుడు తొంగి చూడరాని చోటు కనుక దాచడానికి అంతకంటె సురక్షితమైన స్థలం లేదని నవాబు తలచి ఉంటాడు. అంతఃపురమే ఆయుధాగారమయింది.

1839 అక్టోబరు 18న జోహరాపురం వద్ద పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కుంఫిణీలో కలిసిపోయింది, కుటుంబానికి మిగిలింది పింఛను.

ఆయనది కుట్రా, మోజా? కుంఫిణీ మాట కుట్ర అన్నదే. రాజ్యం కలుపుకోదలచినవాడికి ఆ మాటే అనుకూలం. నా బుద్ధికి తోచేది ఇది: తిరుగుబాటు తలపెట్టినవాడు ఫిరంగులను బురుజుల మీదికి ఎక్కిస్తాడు గాని పూలతోటలో దాచిపెట్టుకోడు. ఆ ఫిరంగులు కోట కోసం ఒక్కటీ పేలలేదు. పోగుచేయడమే ఆయనకు పరమార్థమయిపోయిందేమో. మోజుకు ఉండే లక్షణమే అది. అవసరానికి కొనేవాడికి ‘చాలు’ అన్న మాట తెలుసు, మోజుకు కొనేవాడికి అది తెలియదు.

ఆ జెనానాలోని స్త్రీలను ఎవరైనా అడిగారా? అడగలేదు. తమ తోటలో ఏముందో వారికి తెలుసు. కొలిమి పొగ కనిపించకుండా ఉండదు, సుత్తి చప్పుడు వినిపించకుండా ఉండదు. తెలిసీ ఏమీ అనలేని స్థితి వారిది. చివరకు రాజ్యం పోయింది, ఇంటి యజమాని పోయాడు, ఇల్లు పోయింది. ఆయుధాన్ని కొన్నవాడు ఒకడు, దాని పక్కన కాపురం చేసినవారు మరికొందరు, మూల్యం చెల్లించినవారు అందరూ.

తర్వాత ఆంగ్లేయులు జనం చేతినుండి ఆయుధాలను క్రమంగా తీసివేశారు. దత్తమండలాలలో మన్రో దొర కలెక్టరుగా వచ్చేసరికి ఎనభై మంది పాలెగాళ్ళు బంట్లతో, తుపాకులతో ఉండేవారు. ఆయన ఏడేళ్ళలో వారి కోరలు పీకాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి 1847లో ఉరికంబం ఎక్కాడు. 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, ఐరోపావాడికి అక్కరలేదు! ఈ వివక్షను 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ నిరసించి, చట్టాన్ని సడలించమని కోరింది. అట్లా తుపాకి ఆత్మగౌరవ ప్రశ్న అయింది. సర్కారు మెచ్చినవాడికే లైసెన్సు కనుక హోదాకు గుర్తూ అయింది. గోడకు తగిలించిన తోటా తుపాకి జమీందారు కచేరీకి అలంకారమయింది.

మన జనం ఈ మోజును చూసి నవ్వుకున్నారు కూడా. పిట్టలదొరను ఎరుగని తెలుగువాడుంటాడా? ఖాకీ దుస్తులు, టోపీ, భుజాన కట్టె తుపాకి! తనకున్న ఆస్తులను గురించి, తాను ఆడిన వేటలను గురించి కోతలు కోసి, చివరకు గుప్పెడు గింజలకు చెయ్యి చాపుతాడు. తుపాకి రాముడన్న పేరూ ఆయనదే. తుపాకి మోజును ఇంతకంటె చక్కగా విమర్శించిన గ్రంథం లేదు. వీధిలో ఎన్ని పులులను పడగొట్టినా, ఇంట్లో పొయ్యి మీదికి గింజలు లేకపోతే ఆ దొరతనం దేనికి?

స్వాతంత్ర్యం తర్వాత 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి 1962లో అమలయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట వినోదం ముగిసింది. నేడు ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు చేలలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. రైతుకు నష్టమే, కానీ వాటి మీద గుండు పేల్చడం నేరం. మరి వేట లేని తుపాకికి ఇంట్లో ఏమిటి పని? కొందరికి ప్రాణభయం, కొందరికి గురిచూసే క్రీడ, తక్కినవారికి మోజే.

ఆ మోజుకు చట్టం హద్దులు గీస్తూ వచ్చింది. ఒకప్పుడు ఒక వ్యక్తి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. 2019 చివర సవరణతో అవి రెండయ్యాయి. నిజానికి బిల్లు ఒక్కటే అన్నది, తర్వాత రెండుకు ఒప్పుకున్నారు. పోటీలలో పాల్గొనే క్రీడాకారులకు వేరే లెక్క. లైసెన్సు గడువు మూడేళ్ళ నుండి ఐదేళ్ళయింది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి అతని వద్ద 25 ఏళ్ళు ఉన్నా, దానిని వారసుల పేరిట మార్చుకోవచ్చు. ఆ వారసులలో భార్య ఉన్నది. గమనించారా? తుపాకి విడిచిపెట్టేనాడు చట్టానికి భార్య గుర్తుకు వస్తుంది. కొనేనాడు మాత్రం ఆమె సంతకం అడగదు. పోలీసువారు నడవడి విచారిస్తారు, వైద్యుడి పత్రం అడుగుతారు. కానీ ఒకే కప్పు కింద ఉండే మనిషి మాటకు దరఖాస్తులో గడి లేదు.

కెనడాలో అట్లా కాదు. అక్కడ తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టేవాడు తన భార్య పేరు, గడచిన రెండేళ్ళలో కలిసి కాపురం చేసినవారి పేర్లు రాయాలి. వారి సంతకం అడుగుతారు, సంతకం లేకపోతే అధికారులే వారికి తెలియజేస్తారు. ఆమెకు భయం ఉంటే చెప్పుకునే దారి ఉన్నది. భర్తను అవమానించడం కాదిది. ఆయుధంతో కాపురం చేయవలసినది ఆమె కూడా అని గుర్తించడం.

ఈ గుర్తింపు ఊరకే వచ్చినది కాదు. 2004 నుండి 2016 దాకా కాలిఫోర్నియాలో జరిగిన మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. చేతితుపాకి ఉన్నవారితో కలిసి ఒకే ఇంట నివసించేవారు హత్యకు గురయ్యే రేటు, తుపాకి లేని ఇళ్ళవారితో పోలిస్తే రెండింతలకు మించి ఉన్నది. జీవిత భాగస్వామి చేతిలో ఇంట్లోనే తుపాకికి బలి అయ్యే రేటు ఏడింతలు. అట్లా బలి అయినవారిలో నూటికి 84 మంది స్త్రీలు. దొంగ కోసం కొన్న తుపాకి దొంగ వచ్చేదాకా ఊరుకోదు. కోపం వచ్చిన రాత్రి, అప్పు పీడించిన రాత్రి, పిల్లవాడి చేతికి తాళం దొరికిన మధ్యాహ్నం, అది అక్కడే ఉంటుంది.

మన పెద్దలకు ఈ సంగతి తెలియదా? విరాటపర్వం తలచుకోండి. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను విరాటుని ఇంటికి తీసుకువెళ్ళలేదు. ఊరి వెలుపల, శ్మశానం దగ్గరి జమ్మిచెట్టుపై శవంలాగా మూటగట్టి దాచి, తర్వాతనే ఊళ్ళోకి అడుగుపెట్టారు. వారి కారణం రహస్యం కాపాడుకోవడమే, నిజమే. కానీ దసరాకు జమ్మి ఆకు పంచుకునే మనం ఆ కథ నుండి ఇంకొక అర్థం తీసుకోవచ్చు: ఆయుధం చోటు ఊరి వెలుపలిది, గృహస్థు చోటు వేరు.

అట్లాగని తుపాకిని ప్రేమించే వారందరూ మూర్ఖులని అననుగాక అనను. టిప్పు సుల్తాను కార్ఖానాలలో తయారైన తుపాకులు, పులి ముఖాలతో, వెండి నగిషీతో, చూడదగ్గ కళాఖండాలు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తర్వాత అవి సీమకు తరలిపోయాయి. రాబిన్ విగింగ్టన్ అనే ఆంగ్లేయ సేకర్త వాటిని పోగుచేసి, 1992లో వాటిమీద ఒక గ్రంథమే రాశాడు. 2015లో ఆ సేకరణ లండనులో వేలానికి వచ్చి ఆరు మిలియన్ల పౌండ్లకు పైగా పలికింది. ఆ మోజు విద్యగా పరిణమించింది కనుక లోకానికి ఉపకారమయింది. ఇక టిప్పుదని చెప్పే ఒక ఖడ్గాన్ని వేలంలో కొన్న విజయ్ మాల్యా, అది అచ్చిరాలేదని ఇంటివారు తలచడంతో ఇచ్చివేసినట్టు 2018లో పత్రికలు రాశాయి. ఎంత ధనవంతుడైనా చివరి తీర్పు ఇంటిదే కాబోలు!

ఇంటి సమ్మతితో తుపాకి కొనడం అంటే ఏమిటో మన హైదరాబాదులోనే ఒక కుటుంబం చూపింది. గగన్ నారంగ్ తుపాకి క్రీడలో ఎదుగుతున్న రోజుల్లో మంచి రైఫిలు కొనడానికి డబ్బు చాలలేదు. తల్లిదండ్రులు స్థలం అమ్మి కొనిపెట్టారు. సొంతిల్లు కట్టుకోవలసిన స్థలం! ఆ కుటుంబం ఏళ్ళ తరబడి అద్దె ఇంట్లో గడిపింది. 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఆయనకు కాంస్యం దక్కింది. ఖర్చు చూస్తే అదీ సామాన్యమైనది కాదు. తేడా ఎక్కడంటే, అది దాచిన ఖర్చు కాదు. ఏమి పోతుందో, దేనికి పోతుందో తెలిసి ఇల్లంతా కలిసి భరించిన ఖర్చు.

కనుక ‘ఇల్లాలిని సంతోషపెడుతూ తుపాకి కొనడమెట్లా’ అన్న ప్రశ్నే తప్పుగా పుట్టింది. చీర కొనిపెట్టి సంతోషపెట్టడం లంచం. ధర తగ్గించి చెప్పడం అబద్ధం. గులాం రసూల్ ఖాన్ చేసిన పని అదే, పెద్ద కొలతలో. ఆమెను అడగడం ఒక్కటే మర్యాద. ఎంతకు కొంటున్నాం, ఎక్కడ పెడతాం, తాళం ఎవరి దగ్గర, తోటాలు వేరే చోట ఉంచుతామా, మనసు బాగులేని నాడు ఎవరు తీసుకువెళ్ళి దాచాలి, ఇన్ని మాటలూ కొనకముందే జరగాలి. ‘వద్దు’ అనే హక్కు ఆమెకు ఉండాలి. ఆ ‘వద్దు’ను వినగలవాడికి తుపాకి ఇచ్చినా ఫరవాలేదు, వినలేనివాడికి అసలు ఇవ్వరాదు. నన్నడిగితే లైసెన్సుకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

మీ తాతల ఇళ్ళలో గోడకు వేలాడిన తుపాకులు ఉండి ఉంటాయి. వాటి నంబర్లు, లైసెన్సు కాగితాలు దొరకవచ్చు. కానీ ఆ తుపాకి ఇంటికి వచ్చిన నాడు అవ్వ ఏమన్నదో ఎక్కడా రాసి ఉండదు. ఆ మాట ఎరిగినవారు ఇంకా మీ ఇంట్లో ఉంటే అడిగి రాసిపెట్టండి. మన చరిత్రలో ఆ సగం ఇంకా ఖాళీగానే ఉన్నది.